ఎండలో నాలుగేళ్లు వదిలేసిన ఎర్ర ఆడి టీటీకి ఫుల్ బాడీ పెయింట్ అవసరమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 2009 మోడల్ ఎర్ర ఆడి టీటీ, మీ మేనమామ గారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఆయన అమెరికా వెళ్లాక నాలుగేళ్లుగా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఇంటి పక్క ఖాళీ స్థలంలో, వేపచెట్టు కింద, గుడ్డ కవరు కప్పి వదిలేశారు. ఇప్పుడు బానెట్ గులాబీ రంగుకు తిరిగింది, పైకప్పు మీద తెల్లటి పొట్టు లేస్తోంది, డోర్లు, మడ్‌గార్డ్‌లు మసకబారాయి. ఆటోనగర్‌లో ఒక పెయింటర్ ఫుల్ బాడీ కొట్టాల్సిందే అన్నాడు. ఊళ్లో ఒక డిటెయిలింగ్ షాపువాళ్లు సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద గట్టిపడే రక్షణ పూత) వేస్తే కొత్త కారైపోతుందన్నారు. సంక్రాంతికి ఆయన వచ్చేలోగా ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. ఆ కారుకి ఫుల్ బాడీ పెయింట్ అవసరం ఉండకపోవచ్చు. సిరామిక్ ఒక్కటే వేస్తే మాత్రం డబ్బు దండగ. ముందు ఏ ప్యానెల్ బతికుంది, ఏది చచ్చింది అన్నది విడివిడిగా తేల్చుకోవాలి.

మీరు రాసినదాంట్లో ఒక విషయానికి పొంతన కుదరడం లేదు. బానెట్ గులాబీగా పాలిపోవడం, పైకప్పు పొట్టు లేవడం రెండూ సాధారణంగా ఒకే రకం పెయింటుకు రావు. రంగు మీద క్లియర్ కోట్ (రంగులేని పై పూత) ఉంటే, ఎండకు ఆ క్లియర్ తెల్లబారి పొరలు పొరలుగా ఊడుతుంది. క్లియర్ లేకుండా రంగే పై పొరగా ఉండే సింగిల్ స్టేజ్ పెయింట్ అయితే పొట్టు లేవదు, పైపైన సుద్దలా మారి పాలిపోతుంది. ఎరుపులో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంటే బానెట్టో, పైకప్పో, ఏదో ఒకటి మీ మేనమామ గారు కొనకముందే ఎవరో కొట్టించి ఉంటారు. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్లలో ఇది వింతేమీ కాదు. బానెట్ మీదే నాకు ఎక్కువ అనుమానం.

తేల్చుకోవడం తేలికే. తెల్ల కాటన్ గుడ్డకి కొంచెం పాలిష్ రాసి, బాగా కడిగిన బానెట్ మీద ఒక మూల చేత్తో రుద్దండి. గుడ్డ ఎర్రబడితే సింగిల్ స్టేజ్. గుడ్డకి బూడిదరంగు మురికే తప్ప ఎరుపు రాకపోతే పైన క్లియర్ ఉన్నట్టే. డోరు మీద, డిక్కీ మీద కూడా ఇదే చేసి చూడండి.

తర్వాత పెయింట్ మందం కొలిచే మీటరు కావాలి. ఇక్కడ టీటీకి ఒక మెలిక ఉంది. ఈ రెండో తరం టీటీలో ముందు భాగం, పైకప్పు అల్యూమినియం, డోర్లు, డిక్కీ మూత స్టీలు. అయస్కాంతం పెట్టి లప్పం కనిపెట్టే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. బానెట్‌కి అయస్కాంతం అంటుకోకపోవడం చూసి 'సార్, మొత్తం లప్పమే' అని ఎవరైనా అంటే నమ్మకండి, అది అల్యూమినియం కాబట్టి ఎలాగూ అంటుకోదు. మీటరు కూడా ఇనుమునే కాక ఇనుము కాని లోహాన్నీ కొలిచేదై ఉండాలి. ఇనుముకి మాత్రమే పనికొచ్చే చవక మీటర్లు బానెట్ మీద అసలు పని చేయవు. బంపర్లు ప్లాస్టిక్, వాటి మీద రెండు రకాలూ పని చేయవు.

కంపెనీ పెయింట్ అయితే అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. అందులో పై క్లియర్ వాటా 40, 50 మైక్రాన్లకు మించదు. 200 దాటితే మళ్లీ కొట్టించారని, 500 పైన వస్తే కింద లప్పం ఉందని అనుకోవచ్చు. 80కి దిగువన వస్తే ఇదివరకే ఎవరో మిషన్‌తో బాగా అరగదీశారని. అక్కడ కాంపౌండ్ (పెయింట్‌ని అరగదీసే పేస్టు) జోలికి పోవద్దు. ప్యానెల్‌కి ఒక్కచోట కాకుండా అయిదారు చోట్ల కొలిచి, కాగితం మీద కారు బొమ్మ గీసి అంకెలు రాసుకోండి. ఇకమీద మీరు తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఆ కాగితమే ఆధారం.

మధ్యలో ఒక మాట. మీ స్థలం ఇబ్రహీంపట్నం అంటున్నారు కాబట్టి, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు ఆ నీళ్లు కారు దాకా వచ్చాయేమో ఇంట్లోవాళ్లని అడగండి. డోరు రబ్బర్లు పక్కకి లాగి, సీట్ల పట్టాల కింద చూస్తే మట్టి గీత ఉంటే తెలిసిపోతుంది. నీళ్లు లోపలికి వెళ్లి ఉంటే పెయింట్ సంగతి పక్కన పెట్టి ముందు వైరింగ్ చూపించండి. అలాగే ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే గాడిలో వేపాకు కుళ్లి నీటి దారులు మూసుకుపోయి ఉంటాయి. చేత్తో తీసేయండి, లేకపోతే కారు కడిగిన ప్రతిసారీ నీళ్లు లోపలికి దిగుతాయి. ఎలుకల గూడు ఉందో లేదో బానెట్ ఎత్తి చూడండి.

ఇక కడగడం. సగం కార్లు పాడయ్యేది ఇక్కడే. ఇబ్రహీంపట్నం దుమ్ము మామూలు దుమ్ము కాదు, థర్మల్ స్టేషన్ బూడిద కలిసినది. ఆ బూడిదలో ప్రధానంగా ఉండేది సిలికా, అల్యూమినా. రెండూ పెయింట్‌ని గీకేంత గట్టివే. నాలుగేళ్లు ఆ బూడిద మీద గుడ్డ కవరు గాలికి ఆడుతూ రుద్దుతూనే ఉంది. డోర్ల పై అంచులు, మడ్‌గార్డ్ మలుపులు ఎక్కువ మసకబారాయని మీకు అనిపిస్తే కారణం అదే. కాబట్టి పొడి గుడ్డతో, ఈకల కుంచెతో ఒక్కసారి కూడా తుడవకండి. మీ మేనమామకి ఫొటో తీసి పంపుదామని అయినా సరే.

మొదట చెయ్యి తగలకుండా నీళ్లతో బాగా తడపండి. ఫోమ్ కొట్టి, అది ఆరకముందే ప్రెషర్ వాషర్‌తో దూరం నుంచి కడిగేయండి. ఇలా రెండు విడతలు. పైకప్పు పొట్టు లేచిన చోట ప్రెషర్ పెట్టకండి, మిగిలిన క్లియర్ రేకులు రేకులుగా ఎగిరిపోతుంది. ఆ తర్వాతే షాంపూ, మైక్రోఫైబర్ గ్లవ్. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో గ్లవ్ జాడించే మంచినీళ్లు. పైనుంచి కిందికి రండి. డిక్కీ మీద స్పాయిలర్ లోపల స్విచ్ నొక్కితే పైకి లేస్తుంది, బ్యాటరీ బతికుంటే లేపి దాని కింద కూడా కడగండి. అక్కడ పేరుకున్న మట్టి చూసి మీరే ఆశ్చర్యపోతారు.

నీళ్ల విషయం. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఎండలో ఆరనిస్తే ప్రతి చుక్కా ఒక తెల్ల వలయం మిగులుస్తుంది. ఇంట్లో ఆర్వో మిషన్ వదిలే వృథా నీళ్లతో కారు కడిగితే నీరు ఆదా అవుతుందని కొందరు అంటారు. ఆ నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది, కారు మీద పోయకండి. చివరి జాడింపుకి 20 లీటర్ల క్యాన్ నీళ్లు ఒకటి తెప్పించుకుంటే చాలు. పొద్దున్నే, నీడలో, లోహం చల్లగా ఉన్నప్పుడే ఈ పనంతా. రోహిణి కార్తెలో ఈ పని పెట్టుకోవద్దని చెప్పేవాణ్ని, మీరు ఎలాగూ చలికాలంలో అడిగారు.

సర్వీసు సెంటర్లలో వేప బంక పోవడానికి కిరోసిన్ పెట్టి తుడుస్తారు. బంక పోతుంది, నిజమే. పైన నూనె మిగిలి అప్పటికి మెరుస్తుంది కూడా. ఆ మెరుపు గీతల్ని దాస్తుంది, మళ్లీ కడగ్గానే గీతలు బయటపడతాయి. బంకకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెరుగు. గుడ్డ తడిపి బంక మీద కాసేపు ఉంచి, మెత్తబడ్డాక ఎత్తేయండి, రుద్దకండి. కాకి రెట్టలకీ ఇదే పద్ధతి, తడిగుడ్డ వేసి నానబెట్టాలి. రెట్ట పోయాక కూడా గుంట లాంటి మచ్చ మిగిలితే అది క్లియర్‌ని తినేసిందని. కొన్ని మచ్చలు పాలిష్‌కి తగ్గుతాయి, లోతైనవి ఉండిపోతాయి. ఉండనివ్వండి.

కడిగిన కారు మీద పల్చటి పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని మెల్లగా నిమిరి చూడండి. గరగరలాడుతుంటే ఇనుప రజను, సిమెంటు, బంక ఇంకా అతుక్కుని ఉన్నట్టు. ముందు ఐరన్ రిమూవర్ (ఇనుప రజను కరిగించే స్ప్రే) కొట్టండి. ఇనుము తగిలిన చోటల్లా ఊదారంగులో కారుతుంది. బ్రేకు రజను పడే వెనక భాగంలో ఎక్కువ కనిపిస్తుంది, రైల్వే లైను దగ్గర పెట్టిన కార్లకి ఒళ్లంతా కారుతుంది. వాసన భరించలేం, మాస్క్ పెట్టుకోండి, ఆరనివ్వకుండా కడిగేయండి. తర్వాత క్లే బార్ (అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద). ఉత్తి క్లే గీతలు పెడుతుంది కాబట్టి లూబ్రికెంట్ ధారాళంగా కొట్టి తేలిగ్గా జరపాలి, మురికి ఎక్కగానే మడిచి కొత్త ముఖం తిప్పాలి. కింద పడిందా, పారేయాలి. వందల రూపాయల క్లే మిగుల్చుకోబోయి లక్షల కారు మీద ఇసుక రుద్దకండి. పొట్టు లేచిన పైకప్పు మీద క్లే వద్దే వద్దు.

ఇక్కడిదాకా మిషన్ ముట్టుకోలేదు చూశారా. మసకలో చాలా భాగం ఈపాటికే పోయి ఉంటుంది. పెయింట్ ఏ మాత్రం ఖర్చు కాకుండా వచ్చే మెరుపు ఇది. కాంపౌండ్ కొట్టడం కత్తికి సాన పట్టడం లాంటిది, పట్టిన ప్రతిసారీ మెరుస్తుంది, పట్టిన ప్రతిసారీ అరుగుతుంది. గట్టి కటింగ్ ఒక విడతకి ఒకటి నుంచి మూడు మైక్రాన్ల దాకా తీసేయవచ్చు. 40 మైక్రాన్ల క్లియర్‌లో అది చిన్న అంకె కాదు. ఎండని తట్టుకునే శక్తి ఆ క్లియర్‌దే, పల్చబడే కొద్దీ మీ పైకప్పు దారే పడుతుంది.

మిషన్ ఎంచుకునేటప్పుడు ఆటోనగర్ షెడ్లలో వాడే గిరగిర తిరిగే రోటరీ కాకుండా డీఏ పాలిషర్ (తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మిషన్) తీసుకోండి. రోటరీ మంచి చేతిలో అద్భుతాలు చేస్తుంది, అలవాటు లేని చేతిలో అంచుల దగ్గర నిమిషంలో రంగు ఎగరగొడుతుంది. అన్ని అంచులకీ, బాడీ గీతల మలుపులకీ, నల్ల రబ్బర్లకీ మాస్కింగ్ టేప్ వేయండి. పెయింట్ ఎప్పుడూ అంచుల మీదే పల్చగా ఉంటుంది. బంపర్ల మీద ఇంకా నెమ్మదిగా, ప్లాస్టిక్ వేడిని లాగేసుకోదు, ఒకేచోట పేరుకుంటుంది.

డోరు మీద రెండు అడుగుల చదరం టేపుతో గుర్తు పెట్టి అక్కడ మొదలెట్టండి. అన్నిటికన్నా మెత్తటి ఫోమ్ ప్యాడ్, తేలికపాటి పాలిష్‌తో ఒకసారి. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి టార్చి వేసి చూడండి. ఇలా తుడవకపోతే పాలిష్‌లోని నూనెలు గీతల్ని నింపేసి మోసం చేస్తాయి. చాల్లేదనిపిస్తే అదే పాలిష్‌తో కొంచెం గట్టి ప్యాడ్. అప్పటికీ చాలకపోతేనే కాంపౌండ్. ఏ జోడీ పని చేసిందో దాంతోనే మిగతా కారంతా. నేరుగా గట్టి కాంపౌండ్‌తో మొదలెట్టేవాళ్లకి పని త్వరగా అవుతుంది, అంతే. గోరు పెట్టి గీస్తే గోరు ఆగే గీత పాలిష్‌కి పోదు, దానికి టచప్ పెయింటే. ఆ గీత ఒక్కదాని కోసం చుట్టూ ప్యానెల్ అంతా అరగదీయొద్దు. వాటర్ పేపర్ పెట్టి మొత్తం సాఫీ చేసేద్దామని ఎవరైనా అంటే మీ మైక్రాన్ల కాగితం చూపించి వద్దనండి.

బానెట్ సింగిల్ స్టేజ్ అని తేలితే అది మీ అదృష్టం. గులాబీ పొర కింద ఎరుపు ఇంకా సజీవంగా ఉంటుంది. ఎండిపోయిన ఆ పెయింట్‌కి ముందు నూనె ఎక్కువున్న గ్లేజ్ (మెరుపు తెచ్చే క్రీము) దట్టంగా రాసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు తుడిచి, మెత్తటి ప్యాడ్‌తో పాలిష్ కొట్టండి. ప్యాడ్ ఎర్రగా అయిపోతుంది, కంగారుపడకండి, అది చచ్చిన రంగే. ప్యాడ్‌ని తరచూ శుభ్రం చేస్తూ ఉండాలి, లేకపోతే ఆ సుద్దే మళ్లీ గీతలు పెడుతుంది. ఎరుపు నిండుగా కనపడగానే ఆపేయండి. అక్కడ కాపాడే క్లియర్ లేదు కాబట్టి ఇంకో గంట కొడితే తగ్గేది అసలు రంగే. బానెట్ మీద ఎక్కడైనా పెయింట్ కింద తెల్లటి పురుగు గీతల్లా, పొక్కుల్లా కనిపిస్తే మాత్రం లెక్క వేరు. అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు, ఇలా తెల్లగా పొంగుతుంది. దాన్ని పాలిష్ ఏమీ చేయలేదు.

పైకప్పుకి దారి ఒక్కటే, పెయింటర్. ఊడిపోయిన క్లియర్‌ని ఏ కోటింగూ తిరిగి తీసుకురాదు. సిరామిక్ పూస్తే ఊడే రేకుల మీద ఖరీదైన పూత మిగులుతుంది. స్టిక్కర్ ర్యాప్ వేసి దాచుదామన్నా కింద పొట్టు ఉంటే అది కూడా పట్టుకోదు.

పెయింటర్ దగ్గరకి వెళ్లేది మాత్రం మిగతా కారు పాలిష్ పూర్తయ్యాకే. ముందే వెళితే అతను పాలిపోయిన ఎరుపుకి సరిపోల్చి రంగు కలుపుతాడు, మీరు తర్వాత డోర్లు పాలిష్ చేయగానే పైకప్పు ఒక్కటీ వేరే కారుదిలా కనిపిస్తుంది. రంగు కోడ్ డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. కోడ్ ఒక్కటే చాలదు, కళ్లతో కూడా పోల్చాలి. మిగతా కార్లకైతే పెట్రోలు మూత విప్పి పెయింటర్‌కి ఇచ్చేస్తాం. టీటీకి ఆ గుండ్రటి మూత ఎర్రగా ఉండదు, వెండిరంగులో ఉంటుంది, కాబట్టి ఆ ఉపాయం ఇక్కడ పనిచేయదు. డోరు తెరిస్తే లోపలి అంచున ఎండ తగలని అసలు ఎరుపు ఉంటుంది, దాన్ని చూపించండి. మీరు పాలిష్ చేసిన డోరు ఆ లోపలి ఎరుపుకి ఎంత దగ్గరగా వచ్చిందో చూసుకోవడానికీ అదే కొలబద్ద.

పెయింటర్‌ని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అల్యూమినియం మీద పని చేసిన అనుభవం ఉందా, లోహం బయటపడితే ఏ ప్రైమర్ వేస్తాడు అని అడగండి. మామూలు ప్రైమర్ అల్యూమినియాన్ని సరిగ్గా పట్టుకోదు, ఎపాక్సీ లాంటిది కావాలి. స్టీలు మీద రుద్దిన డిస్కులే అల్యూమినియం మీద వాడితే ఇనుప రజను అందులో దిగబడి తర్వాత పొక్కులు వస్తాయి, కొత్తవి తీయమనండి. ఎరుపు కింది పొరని సరిగ్గా కప్పదు. దానికి తగిన రంగు ప్రైమర్, సరిపడా కోట్లు లేకపోతే నీడలో ఒక ఎరుపు, ఎండలో ఒక ఎరుపు కనిపిస్తుంది. ఆటోనగర్‌లో గొప్ప చేతులు ఉన్నాయి, కానీ ఆరుబయట షెడ్‌లో ఆ దుమ్ములో క్లియర్ కొట్టనివ్వకండి. బూత్ (దుమ్ము రాని మూసిన పెయింట్ గది) ఉన్నచోటే చేయించండి. పైన టూకే క్లియర్ (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టేది) వేయమనండి. రబ్బర్లు, యాంటెనా విప్పి కొట్టమనండి, టేపు అంటించి కొడితే రెండేళ్లలో ఆ గీత దగ్గరే లేవడం మొదలవుతుంది. కొత్త పెయింట్ మీద కనీసం నెల రోజులు వ్యాక్స్, కోటింగ్ ఏవీ వద్దు.

హెడ్‌లైట్లు పసుపెక్కి ఉంటే 1000 నుంచి 3000 దాకా వాటర్ పేపర్ వరసగా వేసి పాలిష్ చేయండి, కానీ చివర్లో యూవీ క్లియర్ పూయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పసుపెక్కుతాయి.

ఇప్పుడు పైపూత. వ్యాక్స్ ఎరుపు మీద చూడ్డానికి చాలా బాగుంటుంది, మన ఎండకి మాత్రం ఎక్కువ కాలం నిలవదు. కారుని వాడే మనిషి దగ్గర లేనప్పుడు నేనైతే సీలెంట్ (కృత్రిమ రక్షణ పూత) లేదా సిరామిక్ వైపే మొగ్గుతాను. కానీ సిరామిక్ అమ్మేటప్పుడు చెప్పే 9హెచ్ అన్నది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్ష అంకె. రాయి తగిలినా గీత పడదని దాని అర్థం కాదు. హైవే మీద రాళ్ల దెబ్బల్ని పీపీఎఫ్ (పెయింట్ మీద అంటించే పారదర్శక ప్లాస్టిక్ పొర) ఒక్కటే ఆపగలదు. సిరామిక్ కింద ఏ గీత ఉంటే అది అలాగే ఉండిపోతుంది, అందుకే అది ఆఖరి పని. బానెట్ సింగిల్ స్టేజ్ అయితే దాని మీద సిరామిక్ బదులు, రెండు మూడు నెలలకోసారి చేత్తో రాసుకునే సీలెంట్ పెట్టుకోమంటాను. మళ్లీ పాలిపోయినా తేలిగ్గా సరిచేసుకోవచ్చు.

మేనమామ గారు మళ్లీ వెళ్లిపోతే కారు అదే వేపచెట్టు కిందికి వెళుతుందేమో అని నా భయం. ఇప్పుడు పెయింట్ మీద మిగిలే డబ్బుతో అక్కడ రేకుల షెడ్ వేయించండి, గాలి ఆడేలా పక్కలు వదిలి. కవరు తప్పదంటే కడిగి తుడిచిన కారు మీదే వేయాలి, వానాకాలంలో వారానికోసారి తీసి ఆరబెట్టాలి.

మీటరు రీడింగులు తీశాక బానెట్, పైకప్పు, రెండు డోర్ల అంకెలు ఇక్కడ పెట్టండి. తెల్ల గుడ్డ ఫొటో, డోరు లోపలి అంచు ఫొటో నీడలో తీసి జత చేయండి. పైకప్పు ఒక్కటే కొట్టిస్తే సరిపోతుందా, బానెట్ కూడానా అన్నది వాటిని చూసి చెప్తాను.